హేబెలు రక్తం, కయీను గురుతు

బైబిల్లో మొదటి హత్య, మొదటి దేశదిమ్మరి ఒకే అధ్యాయంలో కనిపిస్తారు. తమ్ముణ్ణి పొలంలో చంపిన కయీను ఇల్లూ వాకిలీ లేనివాడయ్యాడు. హేబెలు రక్తం నేలలోనుండి మొరపెడుతోందని చెప్పిన దేవుడే, కయీనును ఎవరూ చంపకుండా అతనికి ఒక గురుతు వేశాడు (ఆది 4:10-15). న్యాయం అడిగిందీ ఆయనే, ప్రాణం కాచిందీ ఆయనే. మనమైతే వీటిలో ఒకదాన్ని పట్టుకొని రెండోదాన్ని వదిలేస్తాం.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2012 అక్టోబర్ 22న ఒక తెలుగు ఇంట్లో ఘోరం జరిగింది. పది నెలల పసిపాపను చూసుకుంటున్న 61 ఏళ్ల నాయనమ్మ హత్యకు గురైంది. పాపను ఎత్తుకుపోయారు. 50 వేల డాలర్లు ఇవ్వాలన్న ఉత్తరం ఇంట్లో దొరికింది. ఆ ఉత్తరంలో పాప తల్లిదండ్రుల ముద్దుపేర్లు ఉన్నాయి. అంటే చేసినవాడు పరాయివాడు కాదు. కొన్ని రోజులకే ఆ కుటుంబానికి తెలిసినవాడే అయిన తెలుగు యువకుడు యండమూరి రఘునందన్‌ను పోలీసులు అరెస్టు చేశారు. పాప కూడా శవమై దొరికింది. అతను పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు, కోర్టులో కాదన్నాడు. 2014 అక్టోబర్‌లో జ్యూరీ అతనికి మరణశిక్ష విధించింది. 2018 ఫిబ్రవరి 23న శిక్ష అమలుకు తేదీ పెట్టినా అది ఆగిపోయింది. ఆ రాష్ట్రంలో మరణశిక్షల అమలును 2015లో గవర్నర్ టామ్ వోల్ఫ్ నిలిపివేశారు. తర్వాత వచ్చిన జోష్ షాపిరో కూడా 2023లో అదే దారి పట్టారు.

ఇంతకీ ఇతని నేపథ్యమేమిటి? రౌడీ కాదు, చదువులేనివాడు కాదు. ఇంజినీరింగ్ చదివి, హెచ్‌-1బి వీసాపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లాడు. మన అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి ఏటా విమానమెక్కే పిల్లలకూ అతనికీ పైకి తేడా లేదు. లోపల మాత్రం జూదం ఉంది, కాసినోలో పోగొట్టుకున్న డబ్బుంది, అప్పుంది. జీతం ఎంతో అందరూ అడిగేచోట, అప్పు ఎంతో అడిగేవారు ఉండరు.

మరణశిక్ష పడే కేసుల్లో అమెరికా చట్టం విచారణను రెండు భాగాలు చేసింది. నేరం చేశాడా లేదా అన్నది మొదటిది. శిక్ష ఏమిటన్నది రెండోది. ఆ రెండోదానిలో అతని పెంపకం, గతం, కష్టనష్టాలు జ్యూరీ ముందు పెట్టవచ్చు. మన సుప్రీంకోర్టు కూడా 1980లో బచన్ సింగ్ కేసులో నేరాన్నే కాదు, నేరస్థుణ్ణీ చూడాలని చెప్పి, అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలంది. 'పసిపాపను చంపినవాడికి నేపథ్యమేమిటి?' అని కొందరికి కోపం రావచ్చు. ఆ కోపం అన్యాయమైనది కాదు. అయితే నేపథ్యం తెలుసుకోవడం నేరాన్ని తుడిచేయడానికి కాదు. మనిషిని అతను చేసిన అతి నీచమైన పనితోనే కొలిచి ముగించకుండా ఉండటానికి.

మోషే ఐగుప్తీయుణ్ణి చంపి ఇసుకలో దాచాడు. ఫరో అతణ్ణి చంపాలని చూస్తే మిద్యానుకు పారిపోయాడు. అక్కడ పుట్టిన కొడుక్కి తన పరదేశి బతుకే గుర్తుండేలా గెర్షోము అని పేరు పెట్టాడు (నిర్గమ 2). ఆ రోజే ఉరితీసి ఉంటే ఇశ్రాయేలును నడిపించేందుకు ఆ మోషే ఉండేవాడు కాదు. స్తెఫను హత్యకు సమ్మతించిన సౌలు సంగతీ అంతే.

మరి కోనసీమ సంఘాలు చేయాల్సిందేమిటి? వీసా వస్తే కృతజ్ఞతా కూడిక పెడతాం, విందు చేస్తాం. ఆ తర్వాత ఇంటికి ఎంత పంపాడన్నదే లెక్క. కువైట్, మస్కట్, దుబాయ్‌లలో ఇంటిపనికి వెళ్లిన మన అక్కచెల్లెళ్ల విషయమూ ఇంతే. పాస్టర్లు, సంఘపెద్దలు వారికి ఫోన్ చేసి 'ఎలా ఉన్నావమ్మా, అప్పులేమైనా ఉన్నాయా బాబూ, భయపడకుండా చెప్పు' అని అడగాలి. ఒకవేళ ఎవరైనా కేసులో ఇరుక్కుంటే సిగ్గుతో తలుపులు మూయకూడదు. పరాయి దేశంలో అరెస్టయిన వ్యక్తికి తన దేశ రాయబార కార్యాలయానికి కబురు పంపమని కోరే హక్కును 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చింది. అతను ఎలా పెరిగాడో చెప్పగలిగింది ఊరివాళ్లూ, పంతుళ్లూ, బంధువులే. వాళ్లు నోరు మూసుకుంటే కోర్టు చూసేది నేరాన్ని మాత్రమే.

ప్రభువు తనతో పోల్చుకున్నవారిలో పరదేశి ఉన్నాడు, చెరసాలలోని ఖైదీ కూడా ఉన్నాడు (మత్తయి 25). మరణశిక్ష ఎదుర్కొనే వలసజీవిలో ఆ ఇద్దరూ ఒక్కరే. ఆయన తన చివరి గడియలు గడిపింది కూడా మరణశిక్ష పడిన ఇద్దరి మధ్యనే. అలాగని బిడ్డనూ తల్లినీ ఒకే రోజు పోగొట్టుకున్న ఆ ఇంటిని మరచిపోతే మన కనికరం అబద్ధమవుతుంది. ప్రార్థనలో రెండిళ్లనూ తలచుకోవాలి. హేబెలు రక్తపు మొర వినని సంఘానికి న్యాయం తెలియదు, కయీను గురుతు చూడని సంఘానికి కృప తెలియదు.