భయపెట్టడం వైద్యం కాదు

గ్రామాల్లో ఆరోగ్య సమావేశాలకు వెళ్లినప్పుడల్లా నేను ఒక మాట వింటూ ఉంటాను: "గర్భసంచి తీయించేసుకున్నాను. లేకపోతే కాన్సర్ వస్తుందన్నారు." ఈ మాట చెప్పే స్త్రీలలో చాలామందికి నలభై ఏళ్లు కూడా నిండవు. వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లింది తెల్లబట్ట అవుతోందనో, నడుంనొప్పి అనో, ముట్టు ఎక్కువగా అవుతోందనో. "పిల్లలు పుట్టాక ఇక అదెందుకు" అనే మాట డాక్టరుదే కాదు, ఇంట్లో వాళ్లదీ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నూటికి ఎనిమిది మందికి పైనే. అదే సర్వేలో, గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న 30-49 ఏళ్ల స్త్రీలు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. పరీక్ష అందదు గానీ ఆపరేషన్ అందుతుంది!

తెల్లబట్ట అంటే కాన్సర్ కాదు. పల్చగా, వాసన లేకుండా అయ్యేది శరీరధర్మం. దురద, పెరుగు తరకల్లాంటి తెలుపు, చేపల వాసన ఉంటే సాధారణంగా అది ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతుంది. కొన్ని ఇన్ఫెక్షన్లకు భర్త కూడా మందు వాడాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. అనుమానించవలసిన లక్షణాలు వేరు: కలయిక తర్వాత రక్తం, రెండు ముట్ల మధ్య రక్తం, ముట్లుడిగాక మళ్లీ రక్తం, కుళ్లు వాసనతో స్రావం. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ఈ కాన్సర్ ఒక్కరోజులో పుట్టదు. హెచ్.పి.వి. అనే వైరస్ చాలామందిలో తనంతట తనే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొందరిలో ఏళ్ల తరబడి మార్పులు వచ్చి కాన్సర్ అవుతుంది. ఆ ఏళ్లే మనకున్న గడువు. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30-65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి పరీక్ష చేయాలి. ముఖద్వారానికి పలుచని అసిటిక్ ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ తేలితే పై పరీక్షకు పంపుతారు. శిక్షణ పొందిన నర్సు ఈ పని చేయగలదు. కాన్సర్‌గా మారని దశలో, చాలామందికి గర్భసంచి తీయకుండానే చికిత్స చేయవచ్చు.

గర్భసంచి ఎప్పుడూ తీయకూడదని నేను అనడం లేదు. కాన్సర్‌కు, మందులకు లొంగని రక్తస్రావానికి, పెద్ద గడ్డలకు అది అవసరం కావచ్చు. కానీ చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఈ సంగతి సంతకానికి ముందు ఎందరికి చెబుతున్నారు?

అనవసర ఆపరేషన్ల నివారణకు కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో చేపట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఊళ్లోకి తీసుకువెళ్లవలసింది మనమే. ప్రతి స్త్రీ ఈ ప్రశ్నలు అడగగలగాలి: నా జబ్బు పేరేమిటి? ఏ పరీక్షలో తేలింది? మందులతో నయం కాదా? అండాశయాలు ఉంచుతారా? రిపోర్టు నా చేతికి ఇస్తారా?

మిత్రులారా, వచ్చే సంఘం సమావేశంలో వీటిని చదివి వినిపించండి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష ఏ రోజు చేస్తున్నారో కనుక్కోండి. చేయడం లేదంటే, ఎందుకు చేయడం లేదో రాతపూర్వకంగా అడగండి.