రాసే చెయ్యి, చూసే కన్ను

పోయిన సంచికలో లాకరు నామినేషన్ గురించి రాశాక పీళమేడు నుంచి ఒక అమ్మగారు ఫోను చేసి, "ఎప్పుడూ మా వయసువాళ్ళ గొడవలేనా? యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే మా పిల్లలకు పనికొచ్చేది ఒక్కటి రాయకూడదా?" అన్నారు. నేను బీకాం చదివినవాణ్ణి. పరిశోధన గురించి చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ రోజుల్లో పరిశోధన నడిచేది కంప్యూటరు మీద, కంప్యూటరు చేసేది లెక్క. లెక్క సరిచూడటమే ముప్పై ఏళ్ళుగా నాకు అన్నం పెడుతోంది. ఆ చనువుతోనే రాస్తున్నాను.

బ్యాంకులో చేరిన కొత్తలో నాకు నేర్పిన మొదటి పాఠం, ఓచరు రాసినవాడు దాన్ని పాసు చేయకూడదని. ఎంత నమ్మకస్తుడైనా సరే. సాయంత్రం పుస్తకాలు కుదరకపోతే ఇంటికి పోవడం ఉండేది కాదు. తేడా వచ్చిన మొత్తాన్ని తొమ్మిదితో భాగించి చూడమనేవారు మా హెడ్ క్లర్కు గారు. శేషం లేకుండా పోతే ఎవరో 54కు బదులు 45 అని అంకెలు తిరగేసి ఉంటారన్నమాట. డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన 1984లోనూ 1989లోనూ వచ్చిన కమిటీ నివేదికల తరువాత బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, లెడ్జర్లు అటకెక్కాయి. కానీ ఆ నియమం మాత్రం అటకెక్కలేదు. ఇప్పటికీ ఎంట్రీ వేసేవాడు ఒకడు, ఆమోదించేవాడు ఇంకొకడు. మేకర్, చెకర్ అంటాం.

యూనివర్సిటీల్లో ఇది చాలాచోట్ల లేదని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమే వేసింది. పరిశోధక విద్యార్థి తన ప్రోగ్రాము తానే రాసుకుంటాడు, తానే నడుపుతాడు, వచ్చిన అంకె తానే నమ్ముతాడు. గైడుగారు చూసేది వ్యాసాన్ని, పత్రికవారు చూసేదీ వ్యాసాన్నే. మధ్యలో ఉన్న ప్రోగ్రామును ఎవరూ తెరిచి చూడరు.

దానివల్ల ఏం జరుగుతుందో చెప్పే కథలు పెద్దపెద్ద చోట్లవే ఉన్నాయి. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో జెఫ్రీ ఛాంగ్ అనే శాస్త్రజ్ఞుడు కణం పొరలో ఉండే ఒక ప్రోటీను ఆకారాన్ని 2001లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. చాలా పేరొచ్చింది. 2006లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అదే జాతి ప్రోటీను ఆకారాన్ని ప్రకటిస్తే రెండూ పొసగలేదు. ఆయన వెతుక్కుంటే తేలిందేమిటి? తమ ప్రయోగశాలలో వాడుకుంటున్న, వేరే చోటి నుంచి సంక్రమించిన ఒక చిన్న ప్రోగ్రాము రెండు నిలువు వరుసలను తారుమారు చేస్తోంది. దాంతో ఆకారమంతా అద్దంలో బొమ్మలా తిరగబడింది. ఐదు వ్యాసాలు వెనక్కి తీసుకున్నారు. మోసం లేదు, దురుద్దేశం లేదు. మా హెడ్ క్లర్కు గారు పట్టుకునే రకం తప్పు!

రెండోది మా బ్యాంకులవాళ్ళకు దగ్గరి కథ. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే అభివృద్ధి సగటున సున్నాకంటే కిందికి, మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో రాశారు. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించాలని వాదించేవాళ్ళందరికీ అది ఆయుధమైంది. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్ండన్ అనే విద్యార్థి క్లాసు అభ్యాసంగా అదే లెక్క మళ్ళీ వేయబోతే అంకె రాలేదు. అడిగితే వాళ్ళు తమ ఎక్సెల్ షీటు పంపారు (అది వాళ్ళ పెద్దమనసు, ఒప్పుకోవాలి). చూస్తే సగటు తీసిన గడిలో ఐదు దేశాల వరుసలు చేరనేలేదు. హెర్ండన్, ఆయన గురువులు కలిసి సరిచేస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. ఈ తేడా అంతా ఆ గడివల్లే రాలేదు, కొన్ని సంవత్సరాలను వదిలేయడం, సగటు తీసిన పద్ధతి వాటా ఎక్కువ. అయినా షీటు బయటికి రాకపోతే ఆ సంగతీ బయటపడేది కాదు.

ఇప్పుడు మన ఇంటి కథ. మా మేనకోడలు ఒక యూనివర్సిటీలో వర్షపాతం మీద పరిశోధన చేస్తోంది. ముందు పనిచేసిన సీనియరు రాసిపెట్టిన ప్రోగ్రాము, అతని డేటా ఆమెకు అప్పగించారు. అప్పగించారంటే ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు, అంతే. అతను విదేశంలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆమె మూల రికార్డులు తెప్పించి, అదే ప్రోగ్రాము నడిపితే అచ్చయిన వ్యాసంలోని అంకెలకూ తనకు వచ్చినవాటికీ పొంతన లేదు. మూడు నెలలు కొట్టుకుంది. చివరికి పైవాళ్ళు, "పాత అంకెలే వేసి ముందుకు పో, ఫెలోషిప్పు అయిపోతోంది కదా" అన్నారట. దీపావళికి వచ్చినప్పుడు, "మామయ్యా, మీ బ్యాంకులో అయితే ఏం చేస్తారు?" అని అడిగింది.

నాకు ప్రోగ్రాము అర్థం కాదు. "ఒక్క వర్షమాపక కేంద్రం, ఒక్క నెల తీసుకో. చేత్తో కూడు" అన్నాను. ఇద్దరం భోజనాల బల్ల మీద క్యాలిక్యులేటరు పెట్టుకుని టిక్కులు పెడుతూ కూర్చున్నాం. అరగంటలో మొదటి దొంగ దొరికాడు. కొలత తీయని రోజున ఖాళీ వదలకుండా మైనస్ 99.9 అని వేయడం ఆ రికార్డుల పద్ధతి. ప్రోగ్రాము దాన్ని కూడా వర్షమనుకుని కూడేస్తోంది. మరి సీనియరుకు సరైన అంకె ఎలా వచ్చింది? తన కాపీలో ఆ వరుసలను చేత్తో తీసేశాడు, ఎక్కడా రాసిపెట్టలేదు. పోనీ అతని అంకే ఒప్పు కదా అనుకున్నాం. మరో రెండు రోజులకు ఆమె ఫోను చేసింది. అలా చేత్తో తీసేటప్పుడు ఒక కేంద్రంలో ఒక ఏడాది నవంబరు నెల మొత్తం ఎగిరిపోయిందట. మన వైపు నవంబరు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఈశాన్య ఋతుపవనాల నెల లేని వర్షపాతం లెక్క! అంటే కొత్తదీ తప్పే, అచ్చయిన పాతదీ తప్పే.

ఆమె పాత అంకె వేయలేదు. ఆ అధ్యాయం మొత్తం తిరగరాస్తోంది. థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది, ఫెలోషిప్పు మాత్రం పాత తేదీకే ఆగిపోతుంది. ఆ ఆరు నెలల హాస్టలు ఫీజు ఎవరు కట్టాలి అన్నది ఏ లెడ్జరులోనూ లేని పద్దు.

సాఫ్ట్‌వేరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లల్ని అడిగితే దీనికంతా పద్ధతులున్నాయంటారు. పేర్లు కొత్తవి కానీ నాకు అవి పాత పరిచయాలే. ప్రోగ్రాములో ఎవరు, ఎప్పుడు, ఏ వరుస, ఎందుకు మార్చారో దాచిపెట్టే సాధనం 'గిట్'. లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశారు, ఉచితం. లెడ్జరులో కొట్టివేత మీద సంతకం, తేదీ వేయించడం లాంటిదే. జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క ఇచ్చి ప్రోగ్రామును ప్రతిసారీ పరీక్షించడం ఇంకొకటి. ఒకరు రాసింది ఇంకొకరు చదవడం ఇంకొకటి, అది మా చెకరే. వెళ్ళిపోయేవాడు రాసివ్వాల్సిన చార్జి అప్పగింత కాగితం అన్నిటికంటే ముఖ్యం. మా బ్రాంచిలో అది లేకుండా తాళంచెవులు చేతులు మారవు.

పరిశోధకులకు ఇవి నేర్పాలని గ్రెగ్ విల్సన్ అనే ఆయన 1998లోనే అమెరికాలో 'సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ' పేరుతో పాఠాలు మొదలుపెట్టారు. వడ్రంగం అన్న పేరు నాకు నచ్చింది. మేడ కట్టే విద్య కాదు, బల్ల వంకర లేకుండా చేసుకునే విద్య. బ్రిటన్‌లో 2012లో మరో అడుగు వేశారు. యూనివర్సిటీలోనే ఉండి పరిశోధకులకు ప్రోగ్రాములు రాసిపెట్టి, కాపాడేవాళ్ళకు 'రిసర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు' అని పేరు పెట్టి, అదొక ఉద్యోగం అనిపించారు.

మన దగ్గర యంత్రాలకు కరువు లేదు. 1986-87లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సమాచార కేంద్రాలు పెట్టినప్పుడు మదురై కామరాజ్ యూనివర్సిటీకి తొలిదశలోనే ఒకటి వచ్చింది. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద 2022 మేలో తిరుచ్చి ఎన్.ఐ.టి.లో 'పరమ్ పొరుళ్' ప్రారంభమైంది, 838 టెరాఫ్లాప్‌ల యంత్రం. కోయంబత్తూరుకీ మదురైకీ అందుబాటు దూరమే. కానీ యంత్రం కొనడానికి టెండరు ఉంటుంది, రిబ్బను ఉంటుంది. దాని పక్కన కూర్చుని, "అమ్మాయీ, నీ మైనస్ 99.9 చూసుకున్నావా?" అని అడిగే మనిషికి పోస్టు ఉండదు. ప్రాజెక్టు డబ్బుతో తీసుకున్న మనిషి ప్రాజెక్టుతోనే వెళ్ళిపోతాడు, అతని బుర్రలో ఉన్నది అతనితోనే పోతుంది.

ఇక్కడ నాకు పీళమేడే గుర్తొస్తుంది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి గారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదోది ధర్మానికి పెట్టారు. 1951లో వచ్చిన పి.ఎస్.జి. ఇంజనీరింగు కాలేజీకి వేరు అక్కడుంది. వాళ్ళు పెట్టింది ఒక్క కట్టడానికి కాదు, ఏటేటా నడవడానికి. కంప్యూటరు గది కట్టించే దాతలు ఈ రోజు కూడా మనలో ఉన్నారు. ఆ గదిలో మనిషికి పదేళ్ళ జీతం ఇస్తానన్న దాతను నేను ఇంకా చూడలేదు. పాలరాతి మీద చెక్కడానికి అది బాగుండదేమో!

పిల్లలకు ఒక్క కబురు. ఐఐటీ బొంబాయివారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠాలు ఉచితం. తెలుగులోనూ తమిళంలోనూ ఉన్నాయి. బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకోని మన పిల్లలు కూడా విని అర్థం చేసుకోవచ్చు.

మన సంఘం విద్యానిధి ఇప్పటిదాకా ఫీజులకూ పుస్తకాలకే ఇస్తోంది. అచ్చయిన తప్పును సరిదిద్దడానికి థీసిస్ ఆలస్యమైన విద్యార్థికి, గైడు ఉత్తరం చూసి, ఆరు నెలల హాస్టలు ఖర్చు కూడా ఇవ్వవచ్చని నిబంధన చేర్చాలని వచ్చే కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదిస్తాను. మా మేనకోడలి దరఖాస్తు ఈ ఏడాది పెట్టనివ్వను, ప్రతిపాదించినవాడి ఇంటికే మొదటి చెక్కు పోకూడదు. అభ్యంతరం ఉన్న సభ్యులు సమావేశానికి ముందే కార్యదర్శిగారికి రాసి పంపండి.