బేతాళుడికి హాలు లేదట

పోయిన నెల మన పత్రిక తరఫున చిన్న ప్రదర్శన ఒకటి పెడదామనుకున్నాం. చేర్యాల మాస్కులు, నిమ్మలకుంట తోలుబొమ్మలు, పాత చందమామల్లోని బేతాళ కథల బొమ్మలు, పాఠకుల ఇళ్ళలో అటకల మీద దాక్కున్న వింత వస్తువులు కొన్ని. చిక్కడపల్లి చుట్టుపక్కల హాలుకు కొరతా అనుకున్నాం. దొరికింది, అడ్వాన్సు కట్టాం, ఆహ్వాన పత్రం అచ్చేయించాం. దాని మీద శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ణి చూశాక హాలు వారి నుంచి ఫోనొచ్చింది. "ఆ మర్నాడే మా హాల్లో రిసెప్షనుందండీ. శవాలు, పుర్రెలు, రాక్షసులు అంటే అశుభం కదా. అన్నమయ్య మీద ఏదైనా పెట్టుకోరాదూ?" అన్నారు. అడ్వాన్సు పైసాతో సహా తిరిగిచ్చారు. మర్యాదస్తులు. వారి పేరు రాయం. రాస్తే గొడవ ఆ ఒక్క హాలుతో తీరిపోతుంది. మా ఫిర్యాదు అంత చిన్నది కాదు.

డబ్బు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ గుమ్మం పైకి చూశాం. గుప్పెడంత కళ్ళు, కోరలు, గడ్డం దాటి వేలాడే ఎర్ర నాలుక. దిష్టిబొమ్మ! పక్కనే ఎండిపోయిన గుమ్మడికాయ, నల్లతాడుకు గుచ్చిన నిమ్మకాయ, మిరపకాయలు. గాంధీనగర్ నుంచి నారాయణగూడ దాకా కడుతున్న ఏ అపార్ట్‌మెంటును చూసినా ఈ ముఖమే మనల్ని మింగేలా చూస్తుంటుంది. దాన్ని మాత్రం అశుభమని ఎవరూ అనరు. అది ప్లాస్టిక్‌ది, పైగా పనికొచ్చేది. రాక్షసుడు కాపలా కాస్తే సరే, కళగా లోపలికి వస్తానంటేనే తలుపు మూస్తారు.

ఆహ్వానం మీద ఉన్న బొమ్మ మన శంకర్ గారిది. పూర్తిపేరు కె.సి. శివశంకరన్. 1950ల మొదట్లో చందమామలో చేరి, ఆ పత్రిక మూతపడే రోజుల దాకా కుంచె దించలేదు. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. రాజు ముఖంలో బెదురు ఉండదు, విసుగూ ఉండదు. మళ్ళీ మొదలవబోయే కథ వినడానికి సిద్ధపడిన ముఖం అది. చందమామ చదివిన తెలుగిల్లు ఏదైనా ఈ బొమ్మ ఎరుగనిది ఉండదు. ఆయన 2020 సెప్టెంబరులో కన్నుమూస్తే మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు. జీవితమంతా శవాన్ని మోసే రాజును గీసిన మనిషికి పురస్కారం ఇవ్వడానికి ఆయన పోయేదాకా ఆగిన దేశం మనది. బేతాళుడు వింటే దీని మీదా ఓ చిక్కుప్రశ్న వేసేవాడు.

ఇంతకీ మన నగరానికి భయానకమంటే గిట్టదా? ఆ మాట అబద్ధం. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే దుంగలో చెక్కిన జంట విగ్రహం ఉంది. ముందు గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనక తలొంచుకున్న మార్గరెట్టా, ఆమెను చూపడానికి ఓ అద్దం. గేటే రాసిన జర్మన్ నాటకంలోని సైతాను వాడు. వాడి ముందు పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపిస్తాం. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. అది బొమ్మ కూడా కాదు, నిజంగా శవమే. స్కూలు బస్సులు వరసగా నిలబడతాయి. ఎవరూ ఇంటికొచ్చి తలస్నానం చేయరు. నారాయణగూడలో సమాధుల గోడ పక్కనుంచి నడుస్తూ మిరపకాయ బజ్జీ తినే జనం మనం. పరదేశపు పీనుగకు టిక్కెట్టు కొని దండం పెడతాం, మన బేతాళుడికి మాత్రం మైల అంటగడతాం.

భయాన్ని ఒంటరిగా వదలకపోవడం తెలుగు కళకు పుట్టుకతో వచ్చిన గుణం. తోలుబొమ్మలాటలో లంకాయుద్ధం ముదిరి, రావణుడు తెర నిండా పది తలలతో ఊగుతూ, పిల్లలు తల్లి కొంగులో దూరే వేళకు బంగారక్క వస్తుంది. వెనకే జుట్టుపోలిగాడు. ఇద్దరూ ఇక్కడ రాయలేని మాటలతో తిట్టుకుంటారు. కేతిగాడు దూరి ఆ గొడవను ఇంకా పెంచుతాడు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వాక మళ్ళీ రావణుడు. సినిమాల్లో విఠలాచార్య చేసిందీ అదే. ఆయన దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తుంది. హాల్లో జడుసుకున్న వాడే మరుక్షణం ఈల వేస్తాడు. బేతాళుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందని బెదిరిస్తాడు, ఆ బెదిరింపుకు ముందు చక్కటి కథ చెబుతాడు. దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో తన పేరైనా వేసుకోకుండా 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ' అని ఏళ్ళ తరబడి రాక్షసుల్ని, మాంత్రికుల్ని తోలుకొచ్చారు. పిల్లలు మంచాన పడలేదు, తర్వాతి సంచిక కోసం పోస్టుమ్యాన్‌కు ఎదురెళ్ళారు.

ఇదేమీ నిన్నా మొన్నటిది కాదు. 'క్రీడాభిరామం' తెరవండి. ఓరుగల్లు వీధుల్లో తిరిగే గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి మైలారు వీరభటులు నిప్పుల గుండాల్లో దూకడం, ఒంటికి ఇనుపనారసాలు గుచ్చుకోవడం చూస్తారు. చూసి నోరు తెరుస్తారు, తర్వాత మరో వినోదానికి నడుస్తారు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ కిందటి సంస్కృత నాటకం 'ముద్రారాక్షసం'లో చాణక్యుడి చారుడు నిపుణకుడు యమపటం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. చావును గుడ్డ మీద గీసి గుమ్మంలో విప్పి చూపించే వాడంటే ఏ ఇంట్లోనూ అనుమానం పుట్టదు, అందుకే ఆ వేషం వేశాడు. ఆ పటానికి దగ్గరి చుట్టం మన చేర్యాల పటం. కూనపులి వారు ఆ పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెప్పాలంటే పాశం విసిరే యముడు లేకుండా ఎలా చెబుతారు?

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలకు ఇవన్నీ నోటికి వచ్చు. సిటీ సెంట్రల్ లైబ్రరీ చెట్ల కింద ఏ బిట్‌బ్యాంకు తెరిచినా జతపరచండి అని ఉంటుంది. గౌడ జెట్టి, కాకిపడగలు, మందహెచ్చులు, కూనపులి ఒకపక్క, కులాల పేర్లు ఇంకోపక్క. తడుముకోకుండా జతపరుస్తారు. పటం ఎప్పుడైనా చూశావా బాబూ అంటే, సిలబస్‌లో ఫొటో లేదు సార్ అన్నాడొకడు. తప్పు వాడిది కాదు. వాడు చదివే చోటికి కూతవేటు దూరంలోని హాలే చేర్యాల మాస్కుల్ని లోపలికి రానివ్వనంది.

ఇక కాస్త గట్టిగానే అంటాం. అశుభం అన్న మాట బొమ్మను చూసి వచ్చింది కాదు, చేతుల్ని చూసి వచ్చింది. తోలుబొమ్మ కోసం మేకతోలును వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుక గీకి, లాగి ఎండబెడతారు. వెలుగు అవతలికి కనిపించేంత పల్చబడ్డాక గీత గీసి, సన్న ఉలితో చుక్కచుక్కగా తొలుస్తారు. ఆ చిల్లులే తెర వెనక దీపం పెట్టగానే కిరీటంలో రత్నాలవుతాయి. రెండు పక్కలా రంగు వేస్తారు, నడిమికి వెదురుబద్ద కడతారు. ఈ పని చేసేది తోలు ముట్టుకునే వాళ్ళు. చావుకు డప్పు కొట్టేది, కాటి దగ్గర ఉండేది, పటం విప్పి యముణ్ణి చూపించేది ఎవరో మనకు తెలుసు. వాళ్ళు చూసిన భయానకాన్ని మైలంటారు, మనం భద్రంగా మేడ మీద కూర్చుని ఊహించుకున్న శాంతాన్ని సంస్కృతి అంటారు. నవరసాల గురించి ఉపన్యసించని సాహిత్య సభ ఈ పేటలో ఉండదు. భయానక బీభత్సాలు జాబితాలో అంకె నింపడానికే అన్నట్టు, శాలువాలన్నీ శృంగారానికీ భక్తికీ పోతాయి. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఢిల్లీకి పట్టని మైల చిక్కడపల్లికి పట్టింది! నిమ్మలకుంటలో ఇప్పుడు తోలుతో దీపాలకు షేడ్లు చేసి బతుకుతున్నారు. కొనేవారు నెమళ్ళు, తీగలు అడుగుతారు. రావణుడు డ్రాయింగ్ రూముకు సరిపోడట.

ఇలాంటివి మూఢనమ్మకాన్ని పెంచుతాయని ఒక వాదం ఉంది, చేతబడి నవల 'తులసిదళం' మీద రంగనాయకమ్మ గారి పుస్తకం చదివిన వాళ్ళం కాబట్టి దాని బలం తెలుసు. అయితే చేతబడి నిజమని నమ్మి పక్కింటి ముసలమ్మను కొట్టి చంపేవాడు బేతాళుడి బొమ్మ గోడకు తగిలించుకోడు. బొమ్మ చూసి నవ్వడం నేర్చిన వాడికి ఆ భయం పట్టదు. బొమ్మల్ని దాచేసి భయాన్ని మాత్రం గుమ్మానికి వేలాడదీసిన వాళ్ళే ఆ నమ్మకానికి నీళ్ళు పోస్తున్నారు.

ప్రదర్శన ఆగలేదు. గాంధీనగర్‌లో మన పత్రికాఫీసు మేడ మీద గది ఉంది, బైండు పుస్తకాల దొంతరలు ఖాళీ చేయించాం. వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా. కొబ్బరిచిప్ప మీద చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి ముక్కు దిద్దిన చేర్యాల మాస్కులుంటాయి. వాటిని పిల్లలు ముఖాలకు పెట్టుకోవచ్చు, పగిలితే అతికించుకుంటాం. తోలుబొమ్మల రావణుడు నిలువెత్తుగా ఉంటాడు, కిటికీకి ఎదురుగా పెడతాం కనుక ఎండలో రంగు చూడాలంటే మధ్యాహ్నం లోపే రండి. మీ అటక మీద బేతాళుడి బొమ్మలున్న పాత చందమామలు, తాతలనాటి పగటివేషాల కిరీటాలు, పిట్టలదొర కట్టెతుపాకీ, ఇంకేమైనా విడ్డూరాలుంటే ముందు వారం తెచ్చివ్వండి. రశీదు ఇస్తాం, జాగ్రత్తగా తిరిగిస్తాం. ప్రవేశం ఉచితం. మెట్లు ఇరుకు, పెద్దవాళ్ళు చూసుకుని ఎక్కండి. మాకు హాలు ఇవ్వనన్న వారికీ ఆహ్వానం పంపాం.