ముడతల ఇంజెక్షన్ పనిచేస్తుంది.. కానీ ఎన్నాళ్లు, ఎవరి చేతిలో?

2025 జూన్‌లో నటి షెఫాలీ జరీవాలా 42 ఏళ్ల వయసులో మరణించాక దేశమంతటా 'యాంటీ ఏజింగ్' ఇంజెక్షన్ల మీద చర్చ మొదలైంది. టీవీల్లో, సోషల్ మీడియాలో సాగిన ఆ చర్చలో గ్లూటాథయోన్, విటమిన్ సి, ఫిల్లర్లు, బొటాక్స్ అన్నీ ఒకే గాటన కలిసిపోయాయి. కొందరు అన్నీ విషమే అన్నారు. ఇంకొందరు అన్నీ క్షేమమే అన్నారు. నిజానికి ఇవి వేర్వేరు మందులు, పనిచేసే తీరు వేరు, వాటి వెనుక ఉన్న ఆధారాల బలం కూడా వేరు. వీటిలో ఎక్కువ పరిశోధన జరిగింది బొటాక్స్ అని అందరూ పిలిచే బొట్యులినమ్ టాక్సిన్ మీద. అందుకే ముందుగా దాని సంగతి తేల్చుకోవాలి.

విషమే మందయింది

క్లోస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేసే ఈ పదార్థం లోకంలోని అతి శక్తిమంతమైన విషాల్లో ఒకటి. నిల్వ ఆహారం సరిగా తయారుచేయకపోతే వచ్చే బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బుకు ఇదే కారణం. నరం నుంచి కండరానికి సంకేతం చేర్చే ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా ఇది అడ్డుకుంటుంది. సంకేతం అందని కండరం కొన్నాళ్లు సడలి ఉండిపోతుంది.

దీన్ని మొదట అందం కోసం వాడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు అలాన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి అతి చిన్న మోతాదులో ప్రయోగించారు. 1989లో అమెరికా ఎఫ్‌డీఏ మెల్లకన్నుకు, కనురెప్పలు అదుపు లేకుండా మూసుకుపోయే జబ్బుకు అనుమతించింది. కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కరుథర్స్, చర్మ వైద్యుడైన ఆమె భర్త అలస్టెయిర్ కరుథర్స్ కనుబొమల మధ్య గీతలపై దాని ప్రభావాన్ని 1992లో ప్రచురించారు. మరో పదేళ్లకు, 2002లో, ఆ గీతలకు ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. కంటి పక్క ముడతలకు 2013లో, నుదుటి గీతలకు 2017లో అనుమతులు దక్కాయి.

ఎంతవరకు పనిచేస్తుంది?

2002 ఆమోదానికి ఆధారమైన పరీక్షల్లో 537 మంది పాల్గొన్నారు. కొందరికి మందు, మిగిలినవారికి మందు లేని సూది ఇచ్చారు. ముఖం గట్టిగా చిట్లించమని అడిగి, గీతలు అసలు లేకుండా లేదా స్వల్పంగా ఉన్నవారిని లెక్కించారు. 30వ రోజున మందు తీసుకున్నవారిలో 80 శాతం మంది ఆ స్థితికి చేరారు. మందు లేని సూది తీసుకున్నవారిలో 3 శాతమే. ఇంత తేడా సౌందర్య చికిత్సల్లో అరుదు.

అదే పరీక్షల్లో తర్వాతి లెక్కలూ ఉన్నాయి. ప్రకటనల్లో అవి కనిపించవు. 90వ రోజుకు ఆ 80 శాతం 48కి పడిపోయింది. 120వ రోజుకు 25 శాతమే మిగిలింది. అంటే నాలుగు నెలలు తిరిగేసరికి నలుగురిలో ముగ్గురికి ఆ ఫలితం లేదు. ఇంజెక్షన్ తీసుకున్న మూడు నాలుగు రోజులకు ప్రభావం మొదలవుతుంది, రెండు వారాలకు గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత నరం మళ్లీ సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. ముఖం అలాగే ఉండాలంటే ఏడాదికి మూడుసార్లు క్లినిక్ మెట్లు ఎక్కాలి.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. కనుబొమల మధ్య గీతలకు బొటాక్స్ ప్రామాణిక మోతాదు 20 యూనిట్లు. ఉదాహరణకు యూనిట్‌కు 300 రూపాయలు అనుకుంటే ఒక్కసారికి 6,000, ఏడాదికి 18,000. నుదురు, కంటి పక్కలు కూడా కలిపితే రెండు మూడింతలు అవుతుంది. ఇది ఒకసారి కట్టి వదిలేసే ఫీజు కాదు, ఆపేదాకా కడుతూనే ఉండాల్సిన చందా.

2021లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 65 పరీక్షలను, దాదాపు 15 వేల మందికి సంబంధించిన వివరాలను పరిశీలించింది. నాలుగు వారాల్లో ముడతలు తగ్గుతాయన్నది వాస్తవమేనని చెప్పింది. కనురెప్ప వాలిపోయే ముప్పు బహుశా పెరుగుతుందనీ చెప్పింది. పదేపదే తీసుకుంటే ఏమవుతుంది, తీవ్రమైన దుష్ప్రభావాలు ఎంత తరచుగా వస్తాయి అన్న ప్రశ్నలకు మాత్రం తగిన ఆధారాలు లేవని తేల్చింది. ఈ చికిత్సను పదేపదే తీసుకోవాల్సిందే. కానీ సరిగ్గా ఆ విషయంలోనే ఆధారాలు పలచగా ఉన్నాయి.

దేనికి పనిచేయదు?

ముడతలు రెండు రకాలు. నవ్వినప్పుడు, చిట్లించినప్పుడు మాత్రమే కనిపించేవి ఒకటి. ముఖం కదపకపోయినా చర్మంలో నిలిచిపోయినవి రెండోది. కండరాన్ని సడలించే మందు మొదటి రకానికి బాగా పనిచేస్తుంది, రెండో రకానికి కొంతవరకే. చర్మం సాగిపోవడం, బుగ్గలు లోపలికి పోవడం, మంగు, నల్లమచ్చలు దీనితో తగ్గవు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. అందువల్ల చాలామందికి గీతల కంటే ముందు మచ్చలు, రంగు తేడాలే వయసును చూపిస్తాయి. అలాంటివారు బొటాక్స్‌కు వేలు ఖర్చుపెట్టడం కంటే రోజూ సన్‌స్క్రీన్ రాసుకోవడం మేలు.

పాతికేళ్ల వారికి అమ్ముతున్న 'ముందు జాగ్రత్త బొటాక్స్'కు ఆధారం మరీ తక్కువ. దీనికి తరచూ ఉదహరించేది 2006లో వచ్చిన ఒక నివేదిక. 13 ఏళ్లపాటు క్రమంగా తీసుకున్న మహిళకు నుదుటిపై నిలిచిపోయిన గీతలు లేవు, ఆ కాలంలో రెండుసార్లే తీసుకున్న ఆమె కవల సోదరికి ఉన్నాయి. ఆసక్తికరమే, కానీ అది ఒక్క కవల జంట కథ.

ప్రమాదం సీసాలో, చేతిలో

నిపుణులు సరైన మోతాదులో ఇస్తే వచ్చే ఇబ్బందులు చాలావరకు తాత్కాలికమే. 2002 నాటి పరీక్షల్లో 3 శాతం మందికి కనురెప్ప వాలింది, తర్వాత సర్దుకుంది. అయితే ఇంజెక్షన్ చేసిన చోటు నుంచి మందు దూరంగా వ్యాపిస్తే మింగడం, శ్వాస తీసుకోవడం కష్టం కావచ్చని 2009 నుంచి ఎఫ్‌డీఏ హెచ్చరిక లేబుల్‌పైనే ఉంది. పైగా దీనికి విరుగుడు ఇచ్చి వెంటనే ఫలితాన్ని వెనక్కి తిప్పలేం. ప్రభావం దానంతట అది తగ్గాల్సిందే.

అసలు భయపడాల్సింది నకిలీ సరుకుకు. 2024 ఏప్రిల్ నాటికి అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మంది మహిళలు నకిలీ లేదా సరిగా వాడని ఇంజెక్షన్ల వల్ల ఇబ్బంది పడ్డారు. వారిలో 11 మందిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. 2025 జూన్ 4 నుంచి జూలై 14 మధ్య ఇంగ్లండ్‌లో 38 మందికి ఇలాంటి ఇంజెక్షన్ల వల్ల బొట్యులిజం సోకింది. నిఘా గట్టిగా ఉన్న దేశాలు కాబట్టి ఆ సంఖ్యలు బయటికొచ్చాయి.

మన దగ్గర ఎవరు చూస్తున్నారు?

చట్టాలు లేవనలేం. అర్హత లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019 ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. జుట్టు మార్పిడి వంటి సౌందర్య చికిత్సలపై 2022లో కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాప్‌లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం శిక్షణ కిందకు రాదని వాటిలో రాసింది. రోగులను ఆకర్షించేలా వైద్యులు ప్రకటనలు ఇవ్వకూడదని 2002 నాటి నైతిక నియమావళి చెబుతోంది. ఆ నియమం ఎంత అమలవుతోందో తెలియాలంటే ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే చాలు.

ముఖంపై సూది ఎవరు పట్టాలన్నదానిపై చర్మ వైద్యులకూ, దంత వైద్య శస్త్ర నిపుణులకూ మధ్య తగాదా కోర్టుల దాకా వెళ్లింది. అర్హులు ఇలా వాదించుకుంటుండగా, ఏ డిగ్రీ లేనివారు బ్యూటీ పార్లర్ వెనుక గదిలో పని కానిచ్చేస్తున్నారు. ఇంగ్లండ్‌లో 18 ఏళ్లలోపు వారికి అందం కోసం ఈ ఇంజెక్షన్ ఇవ్వడం 2021 అక్టోబర్ నుంచి నేరం. అలాంటి స్పష్టమైన గీత మన దగ్గరా గీయాలి. సౌందర్య ఇంజెక్షన్ల వల్ల జరిగిన హానిని క్లినిక్‌లు తప్పనిసరిగా నివేదించే ఏర్పాటు ఉండాలి. అంగీకార పత్రం రోగి చదవగలిగే భాషలో ఇవ్వాలి. తెలుగులో రీలు చేసి పిలిచినవారు, సంతకం పెట్టించుకునేటప్పుడు మాత్రం ఇంగ్లిష్‌కు మారిపోవడం న్యాయం కాదు.

ఆ మార్పులు వచ్చేదాకా తీసుకోవాలనుకునేవారే అడగాలి. ఇంజెక్షన్ ఇచ్చేవారి పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఏమిటి? సీసా ఏ కంపెనీది, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఏమిటి? ఎన్ని యూనిట్లు ఇస్తున్నారు? ఒక బ్రాండ్ యూనిట్ మరో బ్రాండ్ యూనిట్‌తో సమానం కాదు కాబట్టి రెండూ కలిపి అడగాలి. సీసాలో సెలైన్ ఎప్పుడు కలిపారు? బొటాక్స్ లేబుల్ ప్రకారం కలిపిన మందును ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో వాడేయాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థేనియా గ్రేవిస్ లాంటి నరాల, కండరాల జబ్బులున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంజెక్షన్ తర్వాత మింగడం, మాట్లాడటం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే తిరిగి క్లినిక్‌కు కాదు, నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సీసా చూపించమంటే మొహమాటపెట్టే చోట, 'ఆఫర్ ఈరోజే ఆఖరు' అని తొందరపెట్టే చోట ముఖం అప్పగించకండి. ముడత ఇంకో నెల ఉన్నా నష్టం లేదు.