వేసవి విడుదులు

కర్తరి ప్రవేశించినది మొదలు చెన్నపురివాసి మనస్సున రెండే ప్రశ్నలు మెదలుచుండును: సముద్రపుగాలి యెప్పుడు తిరుగును? శుక్రవార మెప్పుడు వచ్చును? మధ్యాహ్నమునకు తూర్పుగాలి తిరిగెనా, నగరము బ్రదుకును. పడమటిగాలి దానిని సాయంకాలమువరకు అడ్డగించినచో నుంగంబాకములోని ఉష్ణమాపకము నలువది డిగ్రీలు దాటును. 2003 మే 31న అది 45 డిగ్రీలు చూపిన సంగతి నడివయస్సువా రెవరును మరచియుండరు. ఇక శుక్రవారపు రాత్రి నగరమునుండి పడమటికి పోవు దారులన్నియు కారులతో నిండిపోవును. ఏలగిరి, ఏర్కాడు, కోడైకెనాలు, ఉదకమండలము: ఎవరి యోపికకు, ఎవరి సంచికి తగిన కొండ వారికి కలదు.

ఈ పలాయనము క్రొత్తది కాదు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ 1819లో నీలగిరుల నెక్కి, పిమ్మట కొలది సంవత్సరములకే ఉదకమండలమున రాతియిల్లు కట్టించెను. కాలక్రమమున మద్రాసు ప్రభుత్వమంతయు ఆయన యడుగుజాడల నడచినది. గవర్నరుతోడ కౌన్సిలు, కార్యదర్శులు, దస్త్రపు కట్టలు, బంట్రోతులు ఏటేట కొండయెక్కి నెలల తరబడి అచ్చటనే యుండెడివారు. గంజామునుండి బయలుదేరిన యర్జీదారునకు చెన్నపురియే దూరదేశము. అచ్చటికి చేరిన పిమ్మట దొరలు కొండమీద నున్నారని వినుట యెట్లుండునో ఊహింపవచ్చును. సిమ్లాను గూర్చి గాంధీమహాత్ముడు 1921లో 'యంగ్ ఇండియా'లో వ్రాయుచు, ఐదువందలవ యంతస్తునుండి సాగు పరిపాలనను ఎత్తిపొడిచెను. ఆ మాట ఉదకమండలమునకును అక్షరాల వర్తించును.

దొరల యంతస్తు కూలినది. నేడు మేడమెట్లు ఎల్లరివి. గుమాస్తా, ఉపాధ్యాయుడు, కంప్యూటరు ఉద్యోగి భార్యాబిడ్డలతో రెండు దినములు చలిలో వణకవలెనని కోరుకొనుటను మేము విలాస మనజాలము. కిలోమీటరు ఎత్తునకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గును. ఉదకమండలము 2,200 మీటర్లకు మించిన యెత్తున నున్నది. పదునాలుగు డిగ్రీల యూరట దేహమునకు ఔషధము వంటిది. కాని ఔషధము నందరును ఒక్కమారుగా త్రాగబూనినచో సీసా పగులును. మా మిత్రు డొకడు క్రిందటి వేసవిలో రెండుదినముల సెలవులో పద్దెనిమిది గంటలు కారులోనే గడపి వచ్చెను. కొండను చూచితివా యని యడుగగా, ముందున్న లారీ వెనుకభాగమును మాత్రము బాగుగా చూచితి ననెను.

మద్రాసు హైకోర్టు ఈ విషయమున జోక్యము కలిగించుకొని, 2024 మే 7 నుండి నీలగిరులకును కోడైకెనాలునకును పోవు వాహనములకు ఈ-పాసు విధించినది. 2025 ఏప్రిలు 1 మొదలు జూను చివరవరకు నీలగిరులలోనికి సాధారణ దినములలో 6,000, వారాంతమున 8,000 వాహనములనే వదలవలెనని నిర్ణయించినది. కోడైకెనాలునకు ఆ సంఖ్యలు 4,000, 6,000. స్థానికుల బండ్లకు, ప్రభుత్వపు బస్సులకు, రైళ్లకు ఈ పరిమితి లేదు. వర్తకులు ఏప్రిలు 2న దుకాణములు మూసి నిరసన తెలిపిరి. వారి బాధ కల్ల గాదు. రెండునెలల బేరముమీద సంవత్సరమంతయు బ్రదుకు కుటుంబము లచ్చట నెన్నియో కలవు.

దేశమంతట సంచరించు హక్కు రాజ్యాంగము 19వ యధికరణమున నున్నది. ప్రజాహితార్థము యుక్తమైన పరిమితి విధించు నధికారమును అందే యున్నది. కొండచరియలు జారు దారులు, ఏనుగులు నడచు కనుమలు, వేసవిలో నీటికి కటకటపడు పట్టణము, షోలావనములు తరిగి తేయాకు, యూకలిప్టసు పెరిగిన వాలులు: ఇవి చూచినవా రెవరును ఈ పరిమితి యుక్తము కాదనజాలరు. మాకు తోచిన లోప మింకొకచో నున్నది. సంచరించు హక్కు మనుష్యునిది, కారుది కాదు. ఇద్దరెక్కిన కారును బడిపిల్లల నెక్కించుకొన్న అద్దెబస్సును పాసు లెక్కలో ఒక్కొక్క వాహనమే. ప్రభుత్వపు బస్సునకు తలుపు తెరచియుంచుట మంచిదే; కాని ఆ తలుపున ప్రవేశించుటకు బస్సులు చాలినన్ని ఉండవలెను గదా! మెట్టుపాళయమునుండి కొండరైలు కలదు. 1899లో కూనూరువరకు, 1908లో ఉదకమండలమువరకు వేయబడి, 2005లో యునెస్కో వారసత్వపు జాబితా కెక్కిన రైలది. నలువదియారు కిలోమీటర్లు ప్రాకుటకు దానికి ఐదుగంటలు పట్టును. వేసవిలో దాని టికెట్టు దొరకుట లాటరీ తగులుటయే. కాబట్టి చెన్నపురినుండి రాత్రి రైలులో వచ్చువారికి మెట్టుపాళయముననే తెల్లవారునప్పటికి బస్సులు సిద్ధముగా నుంచి, కొండమీద సైతము వానినే త్రిప్పినయెడల, వర్తకునకు గిరాకి తగ్గదు, దారిలో పొగ తగ్గును. దీనికి కోర్టు ఉత్తరువు అక్కరలేదు. రవాణాశాఖవారి కాలపట్టిక చాలును.

ఒకచోట గేటు వేసినచో గుంపు వేరొకచోటికి మరలును. 2025 నవంబరు 1 నుండి వాల్పారైకిని పాసు వచ్చినది. రేపు ఏలగిరి వంతు, ఎల్లుండి మన మదనపల్లె యొద్ది హార్స్లీకొండ వంతు. కడప కలెక్టరు హార్స్లీదొర పందొమ్మిదవ శతాబ్దమున వేసవి విడిదికై ఇల్లు కట్టుకొనుటకు పూర్వము అది ఏనుగు మల్లమ్మకొండ. ఏనుగులు సాకిన పడుచు కథ ఆ పేరున నిలిచియున్నది. చెన్నపురి తెలుగువారికి నీలగిరులలో సగము దూరమున నున్న యీ కొండ 1,200 మీటర్లకు మించిన యెత్తుగలది గాని, పైభాగము మిక్కిలి చిన్నది. ఎన్ని బండ్లు నిలుచును, ఎన్ని కడవల నీరు కలదు అనునది గుంపు రాకమునుపే లెక్కించుట ఆంధ్ర ప్రభుత్వమునకు సులభము. హోటళ్లు వెలసిన పిమ్మట ఆ లెక్క న్యాయస్థానముననే జరుగును.

కొండకు పోలేనివారి మాట చెప్పక విడువలేము. మన యింటికి భోజనము తెచ్చియిచ్చు కుర్రవానికి, తాపీపనివారికి, వీధులూడ్చు తల్లులకు కర్తరి శనివారమున ఆగదు. తమిళనాడు ప్రభుత్వము 2024 అక్టోబరులో వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబములకు నాలుగు లక్షల రూపాయల సహాయము నిర్ణయించినది. చచ్చిన పిమ్మటి సహాయమిది. బ్రదికియున్నవారికై చెన్నపురి కార్పొరేషను 2025లో అణ్ణానగరులోను త్యాగరాయనగరులోను ఇంటింటికి సరకులు మోయువారికి చల్లని విశ్రాంతిగదులు తెరచినది. అటువంటి గది ప్రతి వార్డునను ఉండవలెను. మధ్యాహ్నము పండ్రెండునుండి మూడువరకు రోడ్డుపని, కట్టడపుపని నిలుపవలెను. ఆ మూడుగంటల కూలి కోసివేయరాదని గుత్తదారుల ఒప్పందములలోనే వ్రాయించుటకు కార్పొరేషనువారికి వచ్చు కర్తరివరకు వ్యవధి యున్నది.