పొగడ్తకును పాటకును నడుమ

గొప్ప గాయకబృందమొకటి చెడ్డ గీతసంపుటిని వెలువరించుట వింత గాదు. అది చెడ్డదని చెప్పవలసినవారు చెప్పకుండుటయే వింత. ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరమున 1991లో ఏర్పడిన ‘ఒయాసిస్’ అను రాక్ బృందము 1997 ఆగస్టు 21వ తేదీన వెలువరించిన మూడవ సంపుటి ‘బీ హియర్ నౌ’ విషయమున జరిగినది ఇదియే.

ఈ బృందమున పాటలు కట్టువాడు అన్న నోయెల్ గాలగర్. పాడువాడు తమ్ముడు లియామ్. వారి తొలి సంపుటి 1994లోను, రెండవది 1995లోను వచ్చినవి. రెండవదానిని విమర్శకులు కొందఱు మొదట అంతగా మెచ్చలేదు. జనులు మాత్రము నెత్తిన బెట్టుకొనిరి. 1996 ఆగస్టులో నెబ్‌వర్త్‌నందు రెండు దినములలో రెండున్నర లక్షలమంది వారి పాట వినిరి. తమ మాట అట్లు వమ్ము కాగా, విమర్శకులు మఱల వెనుకబడుటకు జంకిరని నా యూహ. మూడవ సంపుటికి ‘క్యూ’ పత్రిక ఐదింటికి ఐదు నక్షత్రముల నొసంగెను. తక్కిన పత్రికలలో పెక్కు అదే త్రోవ త్రొక్కినవి. మొదటి దినముననే మూడు లక్షలకు మించి ప్రతులు అమ్ముడుపోయెను.

తీరా విని చూచిన నేమున్నది? తొలి రెండు సంపుటములును 50 నిమిషములకు అటునిటుగా ముగియగా, ఇది 71 నిమిషములు సాగును. ‘ఆల్ అరౌండ్ ది వరల్డ్’ అను పాట యొక్కటియే 9 నిమిషములకు పైబడును. అది చాలదన్నట్లు చివర దానినే మఱల కొంత వినిపింతురు. ఈ పాటను నోయెల్ తొలినాళ్లలోనే కట్టి, పెద్ద వాద్యబృందమును పెట్టుకొను స్తోమత కలుగువఱకు దాచియుంచెనట. స్తోమత కలిగినది, పాట మాత్రము ఎదగలేదు. ‘మై బిగ్ మౌత్’ అను పాటలో గిటారు నాదమును 30 పొరలవఱకు పేర్చిరందురు. అన్ని గిటారులు ఒక్కమారు మ్రోగినప్పుడు ఏ యొక్కటియు వినబడదు. లియామ్ గొంతుక ఆ హోరుతో పెనగులాడుచుండును. మంచి వరుసలు లేకపోలేదు, అందువలననే బాధ. కత్తెర పట్టి “ఇక చాలు” అనగల మనిషి యొక్కడు ఆ గదిలో లేకపోయెనని తోచును.

కొద్దికాలములోనే పత్రికలు మాట మార్చినవి. ఆకాశమున కెత్తినవే దానిని అహంకారమునకు ఉదాహరణముగా జూపసాగినవి. ఇది నాకు మొదటి పొగడ్తకంటెను రోతగా దోచును. విన్నవి అవే పాటలు. మారినది గాలి మాత్రమే.

మనవంటి చోటులందు ఈ సంగతి మఱింత దగ్గఱగా తగులును. చుట్టును వేఱొక భాష మ్రోగుచుండగా మన పిల్లలు తెలుగున నాలుగు పంక్తులు వ్రాసిన చాలును, “భేష్” అందుము. తెలుగున వ్రాసిరన్న సంతోషము న్యాయమే. కాని పద్యమున యతి తప్పినది గనియు చెప్పక విడిచితిమా, ఆ బాలుడు రేపు వ్రాయబోవు పద్యమును నేడే చెఱచినవారమగుదుము.

తరువాత నోయెల్ తానే ఈ సంపుటిని నిందించెను. 2006లో ‘స్టాప్ ది క్లాక్స్’ అను పేర తమ పాటలను ఏర్చికూర్చినప్పుడు దీనినుండి ఒక్కటియు చేర్చలేదు. 2016లో మఱల వెలువరించునప్పుడు, శబ్దమును సరిదిద్దబూని ఒక్క పాటతోనే విరమించెను. 2009లో విడిపోయిన బృందము 2025లో తిరిగి వేదిక లెక్కినప్పుడు ఇందలి పాటలు రెండు పాడిరి: ‘డు యూ నో వాట్ ఐ మీన్’, ‘స్టాండ్ బై మీ’. తక్కిన పదింటికి అచ్చట చోటు దొరకలేదు.