ముద్ద పెడితే సరిపోదు

పల్లెలో కుక్కను పెంచడమంటే పెద్ద పనేముంది, మిగిలిన అన్నం పెడితే అరుగు కింద పడి ఉంటుందనుకుంటాం. పిల్లల పుణ్యమా అని వీధిలో తిరిగే నాటు కుక్కపిల్ల ఇంటి మనిషైపోతుంది. దానికో పేరు, మెడకో పట్టీ. చూడముచ్చటే! కానీ రోజూ దానికి ముద్ద పెట్టే చెయ్యి ఇల్లాలిదే. కాబట్టి ముందుగా తెలుసుకోవలసిందీ మనమే.

మనం తినేవన్నీ దానికి పడవు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలోని కిస్‌మిస్, పిల్లల చేతిలోని చాక్లెట్ దానికి విషమే. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. అందుకని ఉల్లి వేసి పోపు పెట్టకముందే పప్పులోంచి దాని వాటా తీసిపెట్టండి. సరదాకి ఏదైనా పెట్టాలనిపిస్తే రాగిపిండిలో గుడ్డు కొట్టి కలిపి, ఉప్పూ బెల్లం లేకుండా చిన్న బిళ్లలు చేసి పెనం మీద సన్నసెగన కాల్చండి. రోజుకు ఒకటో రెండో చాలు.

ఇక అసలు మాట. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. పాశ్చర్ 1885లోనే మనిషికి ఈ టీకా వేసి చూపించినా, కుక్క కరిస్తే పసరు పూసి ఊరుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. జబ్బు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కరిచినా, గీరినా పావుగంటసేపు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. "మన కుక్కే కదా" అన్న ధీమా వద్దు.

దాని కోసం ఓపిగ్గా బిళ్లలు కాల్చే చేతికి ఇదొక భారమా? టీకా తేదీని కూడా క్యాలెండర్ మీద రాసుకోండి, గ్యాస్ బండ వచ్చిన తేదీ పక్కనే!